రిబ్బను కట్టిన కుళాయి

నందిగట్ల జిల్లా ఆసుపత్రిలో 'గృహ సిరపోషణ విభాగం' అని ఒకటుంది. అందులో పద్నాలుగు మంది ఉద్యోగులు, నాలుగు కమిటీలు, ఒక జీపు, ఒక రోగి ఉన్నారు. ఆ ఒక్క రోగి పేరు కోటిలింగం.

కోటిలింగం గడియార స్తంభం వీధిలో దర్జీ. రెండేళ్ళ కిందట కడుపులో రక్తనాళం మూసుకుపోయి చిన్నపేగు నల్లబడిపోతే డాక్టర్లు కోసి తీసేశారు. పేగు లేనివాడు పంచభక్ష్యాలు తిన్నా ఒంటికి పట్టదు. అందుకని ఛాతీలోంచి గుండె దగ్గరి పెద్ద సిరలోకి సన్నటి గొట్టం ఒకటి పెట్టి, పాలలాంటి మందు సంచి తగిలించి, ఇదే నీ అన్నం పొమ్మన్నారు. ఆయన పొద్దున్నే ఆ సంచిని టేపు వేలాడదీసే మేకుకు తగిలించుకుని, మిషను తొక్కుకుంటూ పగలంతా భోజనం చేస్తూ ఉంటాడు. జాకెట్లు కుట్టించుకోవడానికి వచ్చినవాళ్ళు మొదట్లో జడుసుకునేవాళ్ళు. తరవాత తరవాత, "ఏం కోటిలింగం, ఇంకా అన్నం అవలేదా" అని పలకరించి పోయేవాళ్ళు.

ఈ గొట్టం మంచిదే గానీ, దాని మూత దగ్గర ఒక్క క్రిమి చేరిందంటే చాలు, నేరుగా నెత్తుట్లోకి పోతుంది. మనిషి గడగడా వణికి, ఒకటి రెండు రోజుల్లో ప్రాణం మీదికి వస్తుంది. ఇప్పటికే కోటిలింగానికి పెద్దాసుపత్రిలో రెండుసార్లు గొట్టం పాడై తీసేశారు. తీసిన చోటల్లా సిర మూసుకుపోయింది. "ఇది కూడా పోతే పెట్టడానికి ఇంకొక్క చోటే మిగిలింది. అది కూడా పోతే ఇక మా చేతుల్లో లేదు" అని అక్కడి డాక్టరు ఆయన భార్య నాంచారమ్మతో విడిగా చెప్పాడు. ఆ మాట ఆమె ఎవరికీ చెప్పలేదు. గొట్టాన్ని మాత్రం కళ్ళలో పెట్టుకుని చూసుకుంది.

నాంచారమ్మ ఇరవై రెండేళ్ళుగా పచ్చళ్ళు పెట్టి అమ్ముతోంది. ఆమె జాడీ ఒక్కటి బూజు పట్టిన పాపాన పోలేదు. ఆమె దగ్గర కొన్ని చట్టాలున్నాయి. మోచేతుల దాకా కడుక్కోవాలి. పూర్తిగా ఆరాలి. మూత తీసిన జాడీ మీదికి వంగి కబుర్లు చెప్పకూడదు. ఇక ప్రతి జాడీ మీద ఒక చీటీ అంటించి, మూత తీసినప్పుడల్లా తారీఖు, తీసిన చెయ్యి ఎవరిదో రాయాలి. జాడీ చెడితే ఏ చేతి వల్ల చెడిందో తెలియాలి కదా. ఆసుపత్రివాళ్ళు గొట్టం సంగతి మూడు వారాలు నేర్పిస్తామంటే, ఆమె మూడో రోజుకే నేర్చుకుని, "జాడీ కంటే సులువేనమ్మా, ఉప్పు చూసుకోనక్కర్లేదు" అంది. ఇంటికి రాగానే మేకుకు ఒక నోటు పుస్తకం కూడా వేలాడదీసింది. మూత తీసినప్పుడల్లా తారీఖు, టైము, చెయ్యి. ఆ పుస్తకం నిండా ఒకటే చెయ్యి: నాంచారమ్మ.

దాని ఫలితంగా ఆసుపత్రికి గొప్ప పేరు వచ్చింది. విభాగం గుమ్మం పైన ఇత్తడి అక్షరాలతో ఒక బోర్డు పెట్టారు. 'గొట్టపు సంక్రమణ లేని దినములు' అని రాసి పక్కన అంకె. రోజూ పదింటికి ఒకాయన నిచ్చెన ఎక్కి అంకె మార్చేవాడు. ఒకాయన నిచ్చెన పట్టుకునేవాడు. పట్టుకున్నాడని ఒకాయన సంతకం చేసేవాడు. అంకె మూడువందల అరవై ఒకటికి వచ్చేసరికి రాజధాని నుంచి కబురు వచ్చింది. మూడువందల అరవై అయిదో రోజున ప్రత్యేక బృందం వచ్చి 'శూన్య సంక్రమణ' ప్రశంసా పత్రం ఇస్తుందట.

ఆ రోజే జీపు కోటిలింగం కొట్టు ముందు ఆగింది. అందులోంచి పదకొండు మంది దిగారు. జీపులో అంతమంది ఎలా పట్టారో నాంచారమ్మకి ఇప్పటికీ అర్థం కాదు. ముందు సూపరింటెండెంటు డాక్టర్ విశ్వపతిరావు గారు, ఆయన వెనక నోడల్ ఆఫీసరు భవానీశంకరం, ఆయన వెనక నర్సు ఎస్తేరు రాణి, ఇంకా దండలు, శాలువా, ఫోటోగ్రాఫరు.

"పరిశుభ్రతా ముందస్తు తనిఖీ నిమిత్తము విచ్చేసితిమి" అన్నాడు భవానీశంకరం.

"సంతోషం బాబూ. అటు పక్క నీళ్ళున్నాయి, సబ్బుంది. చేతులు కడుక్కుని రండి" అంది నాంచారమ్మ.

సూపరింటెండెంటు గారు చిరునవ్వు నవ్వారు. "అమ్మా, నేను జిల్లా సంక్రమణ నివారణ కమిటీకి అధ్యక్షుణ్ణి."

"అయితే రెండుసార్లు కడుక్కోండి సారూ."

ఎస్తేరు రాణికి నవ్వు వచ్చి దగ్గుగా మార్చుకుంది. భవానీశంకరం మాత్రం ఇలాంటి సందర్భాల కోసమే పుట్టిన మనిషి. "అధ్యక్షుల వారి హస్తములు హోదా రీత్యా పరిశుభ్రములుగా భావించబడును" అని, ఇంకెవరూ మాట్లాడకుండా శాలువా విప్పాడు.

మనవాళ్ళ సన్మానంలో ఉన్న సౌకర్యం ఏమిటంటే, శాలువా గట్టిగా కప్పితే మనిషికి చేతులాడవు. నాంచారమ్మకి రెండు భుజాల మీదుగా కప్పి వెనకనుంచి పట్టుకున్నారు. పైన దండ వేశారు. దండలోంచి తల బయటపెట్టేలోపు ఫోటోగ్రాఫరు, "సార్, ఊరికే నిలబడితే ఏముంటుంది, ఆ మూత తీసి చూస్తున్నట్టు ఒకటి" అన్నాడు. విశ్వపతిరావు గారు మూత తీశారు. చూశారు. కెమెరా బల్బు వెలగలేదంటే ఇంకోసారి చూశారు. మధ్యలో ముక్కు మీద చెమట తుడుచుకుని, గొట్టం కొసని బొటనవేలితో ప్రేమగా నిమిరారు.

"మావా! ముట్టనీకు!" అని అరిచింది నాంచారమ్మ శాలువాలోంచి.

కోటిలింగం పాపం మొహమాటస్థుడు. "పెద్దవాళ్ళు కదే" అన్నాడు.

ఆమె శాలువా విదిలించుకుని వచ్చి, చేతులు కడుక్కుని, కొసని స్పిరిటుతో పదిసార్లు తుడిచి కొత్త మూత పెట్టింది. పుస్తకం తీసి రాసింది. '11.20. చెయ్యి: సూపరింటెండెంటు గారు. కడగలేదు.' రాసి, కింద సంతకం చెయ్యమని ఆయన ముందు పెట్టింది. ఎక్కడికి వెళ్ళినా సందర్శకుల పుస్తకంలో అభిప్రాయం రాయడం ఆయనకి అలవాటు. పై గీత చదవకుండానే కలం తీసి, 'స్వయముగా మూత తీసి, తాకి పరిశీలించితిని. అత్యంత సంతృప్తికరము' అని రాసి, సంతకం చేసి, తారీఖు కూడా వేశారు.

మూడువందల అరవై నాలుగో రోజు పొద్దున్న ఎనిమిదింటికి నాంచారమ్మ సంచి తగిలించింది. ఎనిమిదిన్నరకి కోటిలింగం కుడుతున్న లంగా అంచు వంకర పోయింది. ముప్ఫై ఏళ్ళలో ఆయన చేతి కింద కుట్టు వంకర పోవడం ఆమె చూడలేదు. మరుక్షణంలో పళ్ళు టకటకలాడాయి, మనిషి మిషనుతో సహా వణికిపోయాడు. శిక్షణ పుస్తకం పదహారో పేజీ ఆమెకి కంఠతా వచ్చు: సంచి ఎక్కుతుండగా చలీ జ్వరం వస్తే వెంటనే సంచి ఆపు, ఆలస్యం చేయక ఆసుపత్రికి రా, గొట్టంలోంచి ఒకటి, చేతిలోంచి ఒకటి రక్తం తీసి పరీక్షకు పంపుతారు, ఫలితం కోసం కూర్చోకుండా మందు మొదలుపెడతారు. సంచి ఆపింది. గొట్టం మూసింది. దుప్పటి కప్పింది. నోటు పుస్తకం చంకలో పెట్టుకుని ఆటో పిలిచింది.

విభాగంలో రేపటి వేడుకకి ముగ్గులు వేస్తున్నారు. ఎస్తేరు రాణి కోటిలింగాన్ని చూడగానే థర్మామీటరు పెట్టింది. నూట మూడు. రక్తం పట్టడానికి రెండు ఖాళీ సీసాలు తెచ్చి ట్రేలో పెట్టింది.

"ఆగుము!" అన్నాడు భవానీశంకరం. "ఆ సీసాలు పంపవలెనన్న అనుమానిత సంక్రమణ అని ఫారము నింపవలెను. అనుమానము వ్రాసిన తక్షణము బోర్డు సున్నాకు వచ్చును. రేపు పదకొండు గంటలకు పత్రప్రదానము. పన్నెండు గంటలకు రండమ్మా, సంపూర్ణముగా అనుమానించెదము."

"రేపటిదాకా మనిషి ఉంటాడా బాబూ?"

"అది వైద్య విషయము. నేను పరిపాలన."

గొడవ విని సూపరింటెండెంటు గారు వచ్చారు. అత్యవసర సమావేశం అన్నారు. కోటిలింగాన్ని బల్ల మీద పడుకోబెట్టి, చుట్టూ కుర్చీలు వేసుకుని, నాలుగు కమిటీలూ ఒకేసారి కూర్చున్నాయి. నాలుగింట్లోనూ సభ్యులు వాళ్ళే కాబట్టి కుర్చీలు సరిపోయాయి.

మొదట ఒకాయన ఇది జ్వరం కాదన్నాడు. "ఉష్ణోగ్రతలో అభివృద్ధి అనవచ్చును. అభివృద్ధికి అభ్యంతరమేమి?" అన్నాడు. ఇంకొకాయన ఆ థర్మామీటరు మీద పోయిన ఏడాది ఆడిట్‌లో అభ్యంతరం వచ్చిందనీ, దాని మాట చెల్లదనీ చెప్పాడు. చెల్లే థర్మామీటరు తెచ్చారు. అది నూట మూడున్నర చూపించింది. మొదటి దాన్నే చెల్లుబాటు చేశారు.

"జ్వరము ఎచ్చట పుట్టినది?" అన్నాడు భవానీశంకరం.

"ఇంట్లో, మిషను దగ్గర" అంది నాంచారమ్మ.

"గృహమున పుట్టిన జ్వరము ఆసుపత్రిది కాదు. కాగా ప్రస్తుతము రోగి గృహమున లేడు. కనుక గృహ రోగియు కాడు."

"ఆటోలో ఎక్కువయింది" అని నసిగాడు కోటిలింగం వణుకుతూనే. సాయం చేద్దామనుకున్నాడు.

"అటులైన రవాణా శాఖకు వ్రాయవలెను!" అని అందరూ ఒక్కసారిగా ఊపిరి పీల్చుకున్నారు. రవాణా శాఖకి ఉత్తరం డ్రాఫ్టు మొదలయింది కూడా. ఇంతలో ఒక తెలివైన గుమాస్తా, ఈ అవస్థంతా ఎందుకు, కోటిలింగం పేరు మూడు రోజులపాటు పథకంలోంచి కొట్టేస్తే పోదా, రోగి లేనిచోట సంక్రమణ ఎక్కడిది అన్నాడు. అందరూ బల్లలు చరిచారు. కోటిలింగం తల అదిరింది. కలం తీసి కొట్టెయ్యబోతుండగా భవానీశంకరం పాలిపోయాడు. ఉన్నది ఒక్క రోగి. ఆయన్ని కొట్టేస్తే మూడు రోజులపాటు పద్నాలుగు మందికీ ఉద్యోగం దేనికని రాజధాని బృందం అడుగుతుంది.

కనుక కోటిలింగం రోగిగా ఉండి తీరాలి, ఆయనకి జ్వరం మాత్రం ఉండకూడదు. ఈ రెండింటికీ పొత్తు కుదర్చడానికి గంటన్నర పట్టింది. టీలు వచ్చాయి. ఎస్తేరు రాణి ట్రే పట్టుకుని నిలబడే ఉంది. ఆమె రెండుసార్లు, "సార్, బీపీ పడిపోతోంది" అని చెప్పింది. రెండుసార్లూ మినిట్స్‌లో 'సిస్టరు గారు తమ అభిప్రాయము వెలిబుచ్చిరి' అని రాసుకున్నారు. నాంచారమ్మ మొగుడి కాళ్ళు పట్టుకుని కూర్చుంది. అరికాళ్ళు చల్లబడుతున్నాయి. ఆమెకి ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది.

చివరికి భవానీశంకరం లేచాడు. "తీర్మానము. ఇది సంరక్షకురాలి అజాగ్రత్త. ఆమె అపరిశుభ్ర హస్తము వలన కలిగినది కనుక గృహ ప్రమాదముగా పరిగణించి, బోర్డుకు సంబంధము లేదని..."

"ఎవరి చెయ్యి?" అంది నాంచారమ్మ.

ఆమె లేచి నోటు పుస్తకం తెరిచి బల్ల మీద, కోటిలింగం మోకాళ్ళ పక్కన పెట్టింది. "ఏడాదిన్నర నుంచీ ఇందులో ఒకటే చెయ్యి, నాది. ఒక్కరోజు కూడా ఈయనకి ఒళ్ళు వెచ్చబడలేదు. మొన్న ఇంకో చెయ్యి పడింది. నేను రాయలేదు బాబూ, ఆ చేతిగలాయనే రాసుకున్నారు. చదవండి."

భవానీశంకరం అలవాటు కొద్దీ గట్టిగా చదివాడు. "స్వయముగా మూత తీసి, తాకి..." అక్కడ పుస్తకం మూసెయ్యబోయాడు. పక్కాయన పుస్తకం లాక్కుని పై గీత చదివాడు. "కడగలేదు" అన్నాడు మెల్లగా. ఫోటోగ్రాఫరు ఎందుకైనా మంచిదని మొన్నటి ఫోటో జేబులోంచి తీసి చూసుకున్నాడు. బొటనవేలు చక్కగా పడింది.

"ఇప్పుడు సంరక్షకురాలి తప్పని రాస్తారో, సంతకం చేసినాయన తప్పని రాస్తారో మీ ఇష్టం. రేపొచ్చేవాళ్ళకి నేనీ పుస్తకం చూపించుకుంటా. లేదంటే ఇప్పుడే రక్తం తీయండి" అంది.

విశ్వపతిరావు గారిలో నలభై ఏళ్ళ కింద చదువుకున్న డాక్టరు ఒకడు ఎక్కడో నిద్రపోతున్నాడు. అతను ఉలిక్కిపడి లేచాడు. "సిస్టర్, రెండు సీసాలూ తీసి పంపు. తీయగానే మందు ఎక్కించు" అన్నారు.

"ఏ పద్దు కింద సార్?" అన్నాడు భవానీశంకరం.

"వార్షికోత్సవ శుభాకాంక్షల రక్తపరీక్ష అని రాయవయ్యా. మందు వార్షికోత్సవ కానుక!"

ఎస్తేరు రాణి అడుగు ముందుకు వేసి ఆగిపోయింది. "చేతులు కడుక్కోవాలి సార్. ఈ గొట్టంలోంచి రక్తం తీయాలంటే కడగని చేత్తో కుదరదు."

"స్పిరిటు లేదా?"

లేదు. ఉన్నదంతా పొద్దున్న బోర్డు మీది ఇత్తడి అక్షరాలు తోమడానికి వాడారు. వార్డులో కుళాయిలు లేవు. కొత్తగా పాలరాతితో 'హస్తప్రక్షాళన కేంద్రము' కట్టించారు గనక పాతవి అనవసరమని పీకేశారు. హస్తప్రక్షాళన కేంద్రం సిద్ధంగానే ఉంది, వరండా చివర, మోచేత్తో తిప్పే కుళాయితో సహా. దానికి ఎనిమిది నెలల కింద ఎర్ర శాటిన్ రిబ్బను కట్టారు. మంత్రిగారి తేదీ దొరకలేదు. ఎనిమిది నెలలుగా విభాగంలో ఒక్క చెయ్యి కడగబడలేదు. సంక్రమణా రాలేదు. ముట్టుకోవడానికి ఎవరూ లేరు కాబట్టి.

అందరూ వరండా చివరికి వెళ్ళారు. రిబ్బను ముందు వరసగా నిలబడ్డారు. ఎవరూ చెయ్యి చాపలేదు.

"మంత్రివర్యుల కరకమలములచే మాత్రమే..." అన్నాడు భవానీశంకరం.

"మావా, నీ కత్తెర!" అని కేకేస్తూ లోపలికి పరుగెత్తింది నాంచారమ్మ.

కోటిలింగం ఏ ఊరెళ్ళినా చొక్కా జేబులో చిన్న కత్తెర ఉంటుంది. బల్ల మీద నుంచే, పళ్ళు టకటకలాడుతుండగా, తీసి ఇచ్చాడు. "పక్కగా కొయ్యవే, శాటిను... పోగులొస్తాయి" అన్నాడు.

ఆమె తిరిగొచ్చి కోసింది. రిబ్బను రెండు ముక్కలై పడగానే పద్నాలుగు మందీ చప్పట్లు కొట్టారు. కొట్టాలని కాదు, రిబ్బను తెగితే చేతులు వాటంతటవే లేస్తాయి. ఫోటోగ్రాఫరు నొక్కేశాడు. కుళాయి మొదట దగ్గి, ఎర్రటి నీళ్ళు కక్కి, తరవాత తెల్లటి ధార వదిలింది. ఎస్తేరు రాణి మోచేతుల దాకా కడుక్కుంటుంటే, నాంచారమ్మ పక్కన నిలబడి వేళ్ళ సందులు చూసింది. పూర్తిగా ఆరేదాకా కదలనివ్వలేదు.

రక్తం తీశారు. మందు పెట్టారు. సాయంత్రానికి వణుకు తగ్గింది. రెండో రోజుకి కోటిలింగం కళ్ళు తెరిచి, వార్డు కర్టెన్లు కుట్టినవాడెవడో కానీ కొలత రాదన్నాడు. అప్పుడు వచ్చింది నాంచారమ్మకి ఏడుపు. వరండాలోకి వెళ్ళి కొంగు నోట్లో కుక్కుకుని తనివితీరా ఏడ్చి, చేతులు కడుక్కుని లోపలికి వచ్చింది.

పరీక్షలో చర్మం మీద ఉండే మామూలు క్రిమి కనపడింది, చేతుల మీద తిరిగేది. ఇదైతే గొట్టం తీయకుండా లొంగదీయవచ్చునని ఎస్తేరు రాణి చెప్పింది. పద్నాలుగు రోజులు రక్తంలోకి మందు ఎక్కించి, మిగతా వేళల్లో గొట్టం లోపల కూడా మందు నింపి మూసి ఉంచారు. గొట్టం నిలిచింది. మిగిలిన ఆ ఒక్క చోటూ అలాగే మిగిలి ఉంది.

మూడువందల అరవై అయిదో రోజున ప్రశంసా పత్రం యథావిధిగా అందింది. ఫైలులో భవానీశంకరం రాసిన మాట ఇది: 'సదరు క్రిములు సందర్శకులుగా విచ్చేసినవే గాని, నివాసమేర్పరచుకొనలేదు. కనుక సంక్రమణగా లెక్కింప వీలులేదు.'

నెల తిరక్కుండా ఆయన కొట్టుకి వచ్చాడు. చేతిలో రిబ్బను ముక్కలు రెండు. మంత్రిగారి తేదీ దొరికేలా ఉందట. "అతుకు కనపడరాదు. ఎవరును ముందుగా ప్రారంభించినట్లు తెలియరాదు" అన్నాడు. అని, మళ్ళీ మామూలు మనిషిలాగా, "సిస్టర్లు ఊరుకోవడం లేదయ్యా, రోజూ కడుక్కుంటామంటున్నారు. కట్టేస్తే ఎలాగ?" అన్నాడు.

కోటిలింగం సంచి మేకుకు సర్దుకుని, రిబ్బను చేతిలోకి తీసుకుని, వెలుగులో తిప్పి చూశాడు. అంచులు మడిచి కుట్టి, మధ్యలో రెండు టిచ్ బటన్లు పెట్టాడు. "చేతులు కడుక్కోవాలంటే విప్పండి. మంత్రిగారొస్తే నొక్కండి" అన్నాడు.

మంత్రిగారు ఇంకా రాలేదు. రిబ్బను మాత్రం రోజుకి వందసార్లు టక్కుమంటుంది. నెలకోసారి మొగుణ్ణి చూపించడానికి వెళ్ళినప్పుడు ఆ చప్పుడు, దాని వెనకే నీళ్ళ చప్పుడు వింటే నాంచారమ్మకి ప్రాణం లేచివస్తుంది. ఎస్తేరు రాణి కుళాయి పక్కన ఒక మేకు కొట్టి నోటు పుస్తకం కూడా వేలాడదీసింది. పోయిన నెల నాంచారమ్మ దాన్ని తిరగేస్తుంటే ఒకచోట తెలిసిన దస్తూరీ కనిపించింది. 'స్వయముగా కడుగుకొంటిని. అత్యంత సంతృప్తికరము' అని ఉంది, కింద సంతకం, ఆ రోజు తారీఖే.

ఆమె పెన్సిలు తీసుకుని దాని కింద రాసింది: 'మోచేతుల దాకా కాదు. నేను చూశాను.'